ఏ పాల ప్యాకెట్ కొనాలో ఇంటి లెక్క వేసుకుని తేల్చుకోవడం ఎలా

పల్లెలో పాల కేంద్రానికి క్యాన్ తీసుకెళ్లే రైతు ముందుగా అడిగేది "ఫ్యాట్ ఎంత వచ్చింది?" అనే. వెన్న శాతాన్ని బట్టే ఆయన చేతికి డబ్బులొస్తాయి. అవే పాలు ప్యాకెట్లో మన వీధికి వచ్చేసరికి ఆ అంకె వంక చూసేవాళ్లే ఉండరు. "ఎర్రది ఒకటి, నీలంది రెండు" అని రంగు చెప్పి తెచ్చుకుంటాం. ఎప్పుడో ఒకరోజు డాక్టరు "కొవ్వు తగ్గించండి" అనగానే టెన్షన్ పడిపోయి, ఇంటిల్లిపాదికీ పల్చటి పాలు మొదలుపెడతాం. టీ బాగాలేదని ఒకరు, పెరుగు తోడుకోలేదని ఇంకొకరు సణుగుతారు. నెల తిరక్కుండా మళ్లీ పాత ప్యాకెట్టే వస్తుంది.

చిక్కటి పాలు మంచివా, వెన్న తీసినవి మంచివా అని అడిగితే అందరికీ సరిపోయే జవాబు దొరకదు. ఎవరు తాగుతున్నారు, రోజుకు ఎంత, ఆ ఇంట్లో నెయ్యి ఎంత ఖర్చవుతుంది అనే మూడు సంగతులు తెలిస్తే మాత్రం మీ ఇంటి మటుకు తేల్చుకోవడం పెద్ద పని కాదు. కింది వరుసలో చేసుకుంటూ వెళ్లండి.

1. రంగు వదిలేసి అంకె చదవండి

ప్యాకెట్ రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి వాటితో పని లేదు. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఫ్యాట్ అనీ, ఎస్‌ఎన్‌ఎఫ్ అనీ రెండు అంకెలుంటాయి. మొదటిది వెన్న శాతం. రెండోది నీళ్లూ వెన్నా పోగా మిగిలే సరుకు, అంటే మాంసకృత్తులు, పాలలో సహజంగా ఉండే చక్కెర, కాల్షియం లాంటి ఖనిజాలు. మన దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన కనీస కొలతలు ఇలా ఉంటాయి:

- ఫుల్ క్రీమ్: వెన్న 6 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 9 శాతం
- స్టాండర్డైజ్డ్: వెన్న 4.5, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5
- టోన్డ్: వెన్న 3, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5
- డబుల్ టోన్డ్: వెన్న 1.5, ఎస్‌ఎన్‌ఎఫ్ 9
- స్కిమ్డ్: వెన్న 0.5 శాతం దాటకూడదు

అందరూ మొదటి అంకెతో ఆగిపోతారు. రెండోది చూడండి. డబుల్ టోన్డ్ పాలకూ ఫుల్ క్రీమ్ పాలకూ ఎస్‌ఎన్‌ఎఫ్ ఒకటే. మాంసకృత్తులు, కాల్షియం రెండింటిలోనూ ఇంచుమించు సమానంగా ఉంటాయన్నమాట. "పల్చటి పాలలో బలం ఏముంటుంది" అని పెద్దవాళ్లు అనేది వెన్న వరకే నిజం.

వెన్న తగ్గించడం, నీళ్లు కలపడం ఒకటి కాదు. ఫుల్ క్రీమ్ ప్యాకెట్ కొని అందులో గ్లాసుకు గ్లాసు నీళ్లు పోస్తే వెన్న సగమవుతుంది, దాంతో పాటు మాంసకృత్తులూ కాల్షియమూ సగమవుతాయి. టోన్డ్ పాలు అలా తయారు చేయరు. చిక్కటి పాలకు వెన్న తీసిన పాలో, పాలపొడీ నీళ్లో కలిపి, ఎస్‌ఎన్‌ఎఫ్ పడిపోకుండా చూస్తూ వెన్న ఒక్కటే దించుతారు. అసలు ఈ టోన్డ్ పాలు ఒళ్లు తగ్గడం కోసం పుట్టినవి కావు. 1940ల్లో బొంబాయిలో పాల సరఫరా చూసిన అధికారి దారా ఖురోడీ ఈ పద్ధతి తెచ్చింది, ఉన్న కొద్దిపాటి గేదె పాలు ఎక్కువ మందికి, తక్కువ ధరకు అందాలని. తర్వాత 1963లో రామన్ మెగసెసే అవార్డు అమూల్ పాల సంఘాన్ని నిలబెట్టిన కురియన్‌తో, త్రిభువన్‌దాస్ పటేల్‌తో పాటు ఆయనకూ వచ్చింది.

వెన్నతో పాటు పోయేవి ఎ, డి విటమిన్లు, ఎందుకంటే అవి కొవ్వులోనే కరుగుతాయి. అందుకే టోన్డ్, డబుల్ టోన్డ్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద నీలం రంగులో "ప్లస్ ఎఫ్" గుర్తు ఉందేమో చూడండి. ఉంటే ఆ రెండు విటమిన్లూ మళ్లీ కలిపారని అర్థం. రెండు ప్యాకెట్లు ఒకే ధరకు దొరికితే ఆ గుర్తున్నదే తీసుకోండి.

2. విదేశీ సలహాని మన ప్యాకెట్‌లోకి మార్చుకోండి

చాలా ఇళ్లలో తేడా కొట్టేది ఇక్కడే. "హోల్ మిల్క్ గుండెకు చెడ్డదేం కాదట" అని ఎవరో వాట్సాప్‌లో పంపిస్తారు. మర్నాడు ఇంట్లోకి ఫుల్ క్రీమ్ ప్యాకెట్ వస్తుంది. కానీ అమెరికాలో హోల్ మిల్క్ అంటే వెన్న 3.25 శాతం ఉన్న ఆవు పాలు. దానికి దగ్గరగా ఉండేవి మన టోన్డ్ పాలు. మన ఫుల్ క్రీమ్‌లో వెన్న దానికి రెట్టింపుకు కాస్త తక్కువ. వాళ్లు లో ఫ్యాట్ అనే 1 శాతం పాలకూ, పైన ఉండే 2 శాతం పాలకూ మధ్యలో పడేది మన డబుల్ టోన్డ్.

కాబట్టి అక్కడి డాక్టరు "హోల్ మిల్క్ తాగినా ఫర్వాలేదు" అంటే మీ ఇంటికి సంబంధించి టోన్డ్ పాలు తాగొచ్చని అర్థం చేసుకోండి. ఫుల్ క్రీమ్ గురించి ఆయన ఏమీ చెప్పనట్టే. పిల్లల దగ్గరికి డల్లాసో న్యూజెర్సీయో వెళ్లిన తల్లిదండ్రులు "ఇక్కడ చిక్కటి పాలే దొరకవేంటి" అనడానికి కారణం కూడా ఇదే. మన నాలుక గేదె పాలకు అలవాటు పడింది, అక్కడ దొరికేవి ఆవు పాలు.

3. పాలు ఎవరి కడుపులోకి వెళ్తున్నాయో ఒక రోజు రాసి చూడండి

"మేం పాలు తాగమండీ" అనేవాళ్ల ఇంటికి కూడా రోజూ లీటరు వస్తుంది. టీలోకి, కాఫీలోకి, పెరుగులోకి వెళ్లినవి పాలని మనకు అనిపించదు. అందుకే ఒక కాగితం తీసుకుని ఒక్క రోజు రాయండి.

ఉదాహరణకు రోజుకు లీటరున్నర కొనే ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప, అత్తగారు. టీ కాఫీలకు అర లీటరు, పాపకు రెండు గ్లాసులు కలిపి 400 మిల్లీలీటర్లు, మిగతా 600 తోడు వేసేవి. పెద్దవాళ్లు ముగ్గురికీ తలా టీ కాఫీల్లో 165, పెరుగులో 150 పడ్డాయి. కలిపితే 300 పైచిలుకు. పాపకు మాత్రం 550.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజుకు 2000 కేలరీల భోజనానికి పాలూ పెరుగూ కలిపి 300 మిల్లీలీటర్లు ఉండాలని ఉంది. పాలే తాగం అనుకునే ఆ పెద్దవాళ్లు టీ, పెరుగుల్లోనే ఆ లెక్క పూర్తి చేసేశారు.

4. గ్రాముల్లోకి మార్చి, నెయ్యితో కలిపి చూడండి

లెక్క సులువే. వెన్న శాతం అంటే సుమారుగా వంద మిల్లీలీటర్లకు అన్ని గ్రాములు. 300 మిల్లీలీటర్ల పాలలో ఫుల్ క్రీమ్ అయితే 18 గ్రాములు, టోన్డ్ అయితే 9, డబుల్ టోన్డ్ అయితే నాలుగున్నర. పాల కొవ్వులో ఇంచుమించు మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వు, అంటే రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచే రకం. ఆ లెక్కన ఫుల్ క్రీమ్‌తో 12 గ్రాములు, టోన్డ్‌తో 6, డబుల్ టోన్డ్‌తో 3.

రోజువారీ కేలరీల్లో సంతృప్త కొవ్వు వాటా పది శాతం దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2000 కేలరీలు తినే మనిషికి అది 22 గ్రాములు. ఫుల్ క్రీమ్ పాలతోనే అందులో సగానికి పైగా అయిపోయింది. ఇప్పుడు నెయ్యి. ఒక టీ స్పూను నెయ్యిలో సంతృప్త కొవ్వు 3 గ్రాములు. పొద్దున ఇడ్లీ పొడిలోకి ఒక స్పూను, మధ్యాహ్నం ముద్దపప్పు ఆవకాయలోకి ఒకటి (ఆవకాయలోకి ఒక్క స్పూనుతో ఆపేవాళ్లకు దండం పెట్టాలి), రాత్రి ఇంకొకటి. మొత్తం 9. పాలవి 12 కలిపితే 21. కూరల్లో నూనె, కొబ్బరి, మాంసం, సాయంత్రం మిర్చి బజ్జీ ఇంకా లెక్కలోకే రాలేదు.

ఇక నిర్ణయం ఇలా తీసుకోండి. ప్రతి పూటా నెయ్యి పడాల్సిందే అనే ఇల్లయితే పెద్దవాళ్లకు టోన్డ్ కంటే పైకి వెళ్లొద్దు. నెయ్యి పండక్కో పబ్బానికో తప్ప వాడని ఇంట్లో, రోజుకు 300 మిల్లీలీటర్ల లోపు పాలు వాడే ఆరోగ్యవంతుడు చిక్కటి పాలు తాగినా ఆకాశం ఊడిపడదు. నన్నడిగితే రెండింటిలో ఏదో ఒకటే వదులుకోమంటే చాలామంది తెలుగువాళ్లు నెయ్యిని ఉంచుకుని పాలను పల్చబరచుకుంటారు. అందులో తప్పేం లేదు, లెక్క కుదిరితే చాలు.

ఈ సందర్భంలోనే ఒక మాట. "మేం మీగడ తీసేశాకే తాగుతాం" అని కొందరు ధీమాగా చెబుతారు. తీసిన మీగడ గిన్నెలో చేరి, వారానికి వెన్నయి, కాచితే నెయ్యయి, మళ్లీ అదే కంచంలోకి వస్తుంటే తగ్గిందేమీ లేదు. ఆ ఇంటి నెయ్యి వచ్చాక బయట నెయ్యి కొనడం మానేశారా లేదా అన్నది చూసుకోండి. మానేస్తే నిజంగా లాభమే.

కేలరీల విషయానికొస్తే, 300 మిల్లీలీటర్లకు ఫుల్ క్రీమ్ నుంచి డబుల్ టోన్డ్‌కు మారితే సుమారు 120 కేలరీలు తగ్గుతాయి. రోజుకు మూడు టీల్లో రెండేసి స్పూన్ల పంచదార వేసుకునేవాళ్లు ఆ పంచదార మానేసినా అంతే తగ్గుతుంది. బరువు తగ్గాలనుకునేవాళ్లు ప్యాకెట్ మార్చే ముందు పంచదార డబ్బా వంక చూడటం మేలు.

చిక్కటి పాలను వెనకేసుకొచ్చేవాళ్లు చూపించే పరిశోధన ఒకటుంది. 2018లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన ప్యూర్ అధ్యయనం. మన దేశంతో కలిపి 21 దేశాల్లో లక్షా ముప్పై వేల మందికి పైగా పరిశీలించారు. పాలు, పెరుగు రోజుకు రెండు సార్లకు మించి తీసుకునేవాళ్లలో, అసలు తీసుకోనివాళ్ల కంటే గుండె జబ్బులూ మరణాలూ తక్కువగా కనిపించాయి. పాలంటే భయపడక్కర్లేదని దాన్నుంచి ధైర్యం తెచ్చుకోవచ్చు. అయితే అది జనాన్ని ఏళ్ల తరబడి గమనించి రాసుకున్న లెక్క, ఒకరికి ఈ పాలు, ఇంకొకరికి ఆ పాలు పోసి చేసిన ప్రయోగం కాదు. రోజూ పాలు కొనగలిగే ఇంట్లో తిండీ వైద్యమూ కూడా కాస్త మెరుగ్గానే ఉంటాయి కదా. 6 శాతం పాలు ఎంతైనా తాగొచ్చని ఆ అధ్యయనం చెప్పలేదు.

5. మనిషిని బట్టి ప్యాకెట్ పంచండి

ఇంటికంతా ఒకటే ప్యాకెట్ ఉండాలన్న నియమం ఏదీ లేదు. చాలా ఇళ్లకు రెండు రకాలు తెచ్చుకోవడమే తేలికైన దారి.

ఏడాది లోపు పాపాయికి తల్లిపాల బదులుగా ఆవు పాలు, గేదె పాలు, ప్యాకెట్ పాలు ఏవీ పట్టకూడదు. ఏడాది నుంచి రెండేళ్ల దాకా వెన్న తీసిన పాలు వద్దు, ఆ వయసులో మెదడు పెరగడానికి కొవ్వు కావాలి. రెండేళ్లు దాటి, బొద్దుగా, బాగా తినే పిల్లలకు టోన్డ్ సరిపోతుంది. బక్కగా ఉండి తిండి సరిగ్గా తినని పిల్లలకు చిక్కటివే ఉంచండి. కానీ ఏ పాలయినా చిన్నపిల్లలకు రోజుకు అర లీటరు దాటనివ్వకండి. కడుపు పాలతో నిండిపోయి అన్నం మానేస్తారు, పాలలో ఇనుము దాదాపు లేదు కాబట్టి రక్తహీనత రావచ్చు. పైన చెప్పిన ఎనిమిదేళ్ల పాప కూడా ఒక గ్లాసు తగ్గించి, ఆ బదులు గుడ్డో పల్లీ ఉండో తింటే బాగుంటుంది.

పళ్లు ఊడి, నాలుగు ముద్దలతో లేచిపోయే పెద్దవాళ్ల సంగతి అచ్చంగా దీనికి తిరగేసి ఉంటుంది. తినేదే కొద్ది. అందులో వెన్న కూడా తీసేస్తే ఇంకా నీరసిస్తారు. వాళ్ల డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఫుల్ క్రీమ్ పాలే పోయండి. ఇంట్లో కొడుక్కి కొలెస్ట్రాల్ ఉందని డెబ్బయి అయిదేళ్ల తల్లికి కూడా డబుల్ టోన్డ్ పోసే ఇళ్లున్నాయి. అది దండగ పథ్యం.

కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకు, స్టెంట్ వేయించుకున్నవాళ్లకు డబుల్ టోన్డ్. షుగర్ ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: పాలలోని చక్కెర అన్ని ప్యాకెట్లలోనూ ఒకటే, 250 మిల్లీలీటర్ల గ్లాసుకు సుమారు 12 గ్రాములు. వెన్న తీసినంత మాత్రాన అది తగ్గదు. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లకు పడనిది ఆ చక్కెర, వెన్న కాదు. ప్యాకెట్ మార్చడం కంటే గ్లాసు పాలు మాని పెరుగు, మజ్జిగకు మారితే గుణం కనిపిస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఎంత పాలు తీసుకోవాలో తమ డాక్టరునే అడగాలి.

6. పాలాయన పోసే పాలైతే వెన్న మీరే తీయండి

గేదె పాలలో వెన్న ఆరు నుంచి ఎనిమిది శాతం దాకా ఉండొచ్చు. మేతను బట్టి, ఈని ఎన్నాళ్లయిందన్నదాన్ని బట్టి మారుతుంది. ప్యాకెట్ లేదు కాబట్టి అంకె చదవడానికి లేదు. చేయాల్సింది ఇది.

అడుగు మందంగా, మూతి వెడల్పుగా ఉన్న గిన్నెలో పాలు పోసి, ఒక పొంగు వచ్చాక మంట తగ్గించి నాలుగైదు నిమిషాలు కాగనివ్వండి. దించాక కలపకండి, గరిట కూడా పెట్టకండి. పైన జల్లెడ మూత వేసి చల్లారనివ్వండి. తర్వాత కదపకుండా ఫ్రిజ్‌లో పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున చూస్తే మీగడ దళసరిగా, తెల్లగా కట్టి ఉంటుంది. చిల్లుల గరిటతో అంచు నుంచి లోపలికి నెమ్మదిగా జరిపితే దుప్పటి మడతలా ఒక్కసారే వచ్చేస్తుంది. ఆ పాలను మళ్లీ వేడి చేసి ఇంకోసారి చల్లారిస్తే పల్చటి పొర ఇంకొకటి కడుతుంది, అదీ తీయండి. ఇంటి పద్ధతిలో వెన్న మొత్తం పోదు, చాలా మటుకు పోతుంది. ఎంత పోయిందో కొలిచే సాధనం మన దగ్గర లేదు కాబట్టి, గుండె జబ్బున్నవాళ్లకు దీనికంటే డబుల్ టోన్డ్ ప్యాకెట్ నమ్మకం.

ప్యాకెట్ పాలు కాచి "వీటికి మీగడే కట్టట్లేదు, కల్తీ" అని కొట్టిపడేయకండి. చాలా ప్యాకెట్ పాలను హోమోజినైజ్ చేస్తారు, అంటే వెన్న కణాలను బాగా చిన్నవిగా చితక్కొట్టి పాలంతా పరుస్తారు. అవి పైకి తేలవు, అందుకే మీగడ అంతగా కట్టదు. వెన్న మాత్రం పాలలోనే ఉంది.

7. టీ, పెరుగు పాడవకుండా మారండి

ప్యాకెట్ మార్చిన ఇళ్లు వెనక్కి తిరిగేది ఆరోగ్యం గురించి కాదు, రుచి గురించి. అందుకే మొదటి వారం సగం పాత పాలు, సగం కొత్త పాలు కలిపి కాచండి. ఆ తర్వాత పూర్తిగా మారండి.

టీకి నీళ్లు తగ్గించాలి. చిక్కటి పాలకు వేసే కొలతలోనే నీళ్లు పోస్తే డబుల్ టోన్డ్ టీ వెలవెలబోతుంది. పాలు పోశాక సన్న మంట మీద ఇంకో మూడు నాలుగు నిమిషాలు మరిగించండి. చిక్కదనం లేదని పంచదార పెంచితే మాత్రం ఈ ప్రయాసంతా వృథా.

పెరుగు దగ్గర కొంచెం ఓపిక కావాలి. వెన్న తక్కువున్న పాలతో పెరుగు తోడుకుంటుంది, కానీ గరిట పెట్టగానే నీళ్లు ఊరతాయి. తోడు వేసే పాలను విడిగా ఒక పది నిమిషాలు సన్న సెగ మీద మరగనిచ్చి కాస్త ఇగరబెట్టండి. తొందరగా కావాలంటే అర లీటరుకు రెండు స్పూన్ల వెన్న తీసిన పాలపొడి ఉండలు లేకుండా కలపండి. గోరువెచ్చగా ఉండాలి, వేలు ముంచి పది లెక్కపెట్టేదాకా హాయిగా ఉంచగలిగితే సరిపోయింది. తోడు వేశాక గిన్నె కదపొద్దు, తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మట్టి మూకుడులో వేస్తే అదే కాస్త నీరు పీల్చుకుని పెరుగు గట్టిపడుతుంది. మజ్జిగకైతే ఇంత హంగామా అక్కర్లేదు, డబుల్ టోన్డ్ పెరుగు మజ్జిగ వేసవిలో తేలిగ్గా ఉంటుంది.

పాయసానికి, పాలకోవాకు ఫుల్ క్రీమ్ ప్యాకెట్టే తెచ్చుకోండి. పండగ రోజు ఆ లెక్క వద్దు.

8. మూడు నెలలాగి చూసుకోండి

కొలెస్ట్రాల్ కోసం మారినవాళ్లు వారం తిరక్కుండా పరీక్ష చేయించుకుంటే ఏమీ తెలియదు. మూడు నెలలు ఆగి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించండి. ఈలోగా వేసుకుంటున్న మందులు మీ అంతట మీరు ఆపొద్దు. రిపోర్టు పట్టుకెళ్లేటప్పుడు చిన్న చీటీ మీద నాలుగు ముక్కలు రాసుకెళ్లండి: ఏ ప్యాకెట్, రోజుకు మీ వంతు ఎన్ని మిల్లీలీటర్లు, నెయ్యి ఎన్ని స్పూన్లు, ఇంటికి నెలకు నూనె ఎన్ని లీటర్లు. "పాలు మానేయాలా డాక్టరుగారూ" అని అడిగే కంటే ఆ చీటీ చేతికిస్తే, ఏది తగ్గించాలో ఆయన వేలు పెట్టి చూపిస్తారు.